తిరగేసి కప్పిన బ్యానరు

ఒకాయన హిందీలో ఒక మాట చెప్పాడు. దాన్ని పక్కనున్న మనిషికి తెలుగులో చెప్పాల్సిన పని నాది. నేను చెప్పలేదు. చెప్పకపోగా ఇంకో మాట చెప్పాను. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతిని ఇన్నేళ్ళుగా మోస్తున్నానంటే మీకు నవ్వొస్తుందేమో. నవ్వండి, పర్వాలేదు. కూరగాయల సంచీ అయితే బరువెక్కినప్పుడు చెయ్యి మార్చుకోవచ్చు. దీన్ని ఏ చేతికి మార్చుకోను?

నా పేరు రాయను. ఢిల్లీ ద్వారకలో ఉంటాను, అది చాలు. ఇక్కడ తెలుగువాళ్ళు బోలెడుమంది, ఏ సెక్టారని వెతుక్కుంటారు నన్ను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర చాలాసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మా ఆయనతో ఒకసారి మొదలుపెట్టాను కూడా. ఆ బ్యానరు గొడవ ఇప్పుడెందుకే అని టీవీ సౌండు పెంచుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దుకున్నాను.

మాది తెనాలి దగ్గర. పెళ్ళయి ఢిల్లీ వచ్చాను. మా ఆయనకి ఆఫీసు, మెట్రో, మళ్ళీ ఆఫీసు. పిల్లలు లేరు. దాని గురించి ఇక్కడ రాయను. హిందీ మాత్రం బాగా నేర్చుకున్నాను. సరదాపడి కాదు, మాట్లాడటానికి వేరే దిక్కులేక. కూరల బండి భయ్యాతో, పనిచేసే దీదీతో, లిఫ్టులో కనపడే ఆంటీలతో మాట్లాడీ మాట్లాడీ నా హిందీ నున్నగా తయారైంది. మీరు మద్రాసీలంటే నమ్మలేం అని ఇక్కడివాళ్ళే మెచ్చుకుంటారు. ఆ హిందీయే నా కొంప ముంచింది. కాదు. నా కొంప కాదు. ఎవరి కొంప మునిగిందో సరిగ్గా చెప్పాలి కదా, ఇంతవరకూ వచ్చాక.

పద్మ కొంప.

మా అపార్టుమెంట్ల సొసైటీ వెనక పాత గ్రామం ఒకటుంది. చుట్టూ సెక్టార్లు కట్టేసినా అది మాత్రం ఇరుకు సందులతో అట్లాగే మిగిలిపోయింది. అందులో ఒక కింది వాటాలో అద్దెకుండేది పద్మ. నంద్యాల వైపు మనిషి. భర్త శివయ్య కరెంటు పనుల కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. ఒక నెల మానేసర్, ఒక నెల ఎక్కడో రాజస్థాన్. జీతం వచ్చిన నెల వచ్చినట్టు, రాని నెల రానట్టు. ఒక్కతే కూతురు, హారిక. తల్లి తెలుగులో పిలిస్తే అది హిందీలో పలికేది.

మొదటిసారి పద్మని కూరల బండి దగ్గర విన్నాను. చూడటం కాదు, వినడమే. "ఇంత ఏందప్పా వంకాయలకి, బంగారమా ఏమన్నా" అని బండివాడికి అర్థం కాని తెలుగులో తనలో తనే తిట్టుకుంటోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్ళి నేను బేరమాడి పెట్టాను. ఆ రోజు నుంచి నేను అక్కనయ్యాను. కరెంటు ఆఫీసుకైనా, హారిక స్కూల్లో మేడమ్‌తో మాట్లాడాలన్నా, ఇంటి ఓనరు కేకలేసినా, నన్ను వెంటబెట్టుకెళ్ళేది. వాళ్ళు హిందీలో చెప్పింది నేను తెలుగులో చెప్పేదాన్ని. తను తెలుగులో చెప్పింది నేను హిందీలో చెప్పేదాన్ని. నేను ఏం చెప్తే అదే తనకి ఢిల్లీ. ఇంకోలా తెలుసుకునే దారే లేదు పాపం.

మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చేది. వెల్లుల్లి ఒలుచుకుంటూనో, చింతపండు గింజలు తీసుకుంటూనో కూర్చునేవాళ్ళం. ఏం మాట్లాడుకున్నామో అడిగితే చెప్పలేను. ఏవేవో. వాళ్ళ అత్తగారి దెప్పుళ్ళు, మా ఆడపడుచు గొప్పలు. నేను ఎక్కసెక్కంగా ఏదన్నా అంటే కడుపు పట్టుకుని నవ్వేది. నా మాటలకి అంతలా నవ్విన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు. ఇది నేను జాలి కోసం రాయటం లేదు. తరవాత చేసిన పని ఎందుకు చేశానో మీకు అర్థం కావాలని రాస్తున్నాను. నాకైనా అర్థమైందా? ఏమో.

వంట పెట్టమన్నది నేనే. పద్మ చేతి బొరుగుల ఉగ్గాని తిన్నవాళ్ళు ఊరికే ఉండలేరు. వాళ్ళ ముందుగది సందులోకి షట్టరుతో తెరుచుకుంటుంది. అక్కడ రెండు బల్లలు వేసి టిఫిను, భోజనం పెడితే ఇక్కడ పీజీల్లో ఎండు చపాతీలు తినలేక చస్తున్న మన పిల్లలు పరిగెత్తుకొస్తారని నేనే ఎగదోశాను. పద్మ చాలారోజులు భయపడింది. ఆఖరికి ఒకరోజు వెల్లుల్లి చాట పక్కన పెట్టి, ఇది నిలబడితేనే మేం ఢిల్లీలో ఉంటాం అక్కా, లేదంటే హారికని చదువు మధ్యలోనే ఎత్తుకోని పోవాల్సిందే అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. అంటే తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

బ్యానరు కూడా నేనే చేయించాను. ఫ్లెక్సీ షాపువాడికి తెలుగు రాదు. వాడి కంప్యూటర్లో వత్తులు ఊడిపోయి ఎక్కడివో అక్కడ పడేవి, అక్షరం ఒకపక్క, గుణింతం ఒకపక్క. వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కో అక్షరం సరిచేయించాను. 'పద్మక్క వంటిల్లు. ఆంధ్రా భోజనం, టిఫిన్లు.' కింద ఫోను నంబరు. పసుపు మీద ఎర్ర అక్షరాలు. ప్రింటు బయటికొస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఢిల్లీలో అంతంత తెలుగు అక్షరాలు నేనెప్పుడూ చూడలేదు.

ఎక్కడ కట్టాలి? పద్మ వాళ్ళ సందులో కడితే ఎవరికి కనపడుతుంది? మెట్రో దిగి వచ్చే మలుపులో పార్కు రెయిలింగు ఉంది. అక్కడైతే అందరి కళ్ళూ పడతాయి. ఇక్కడ కడితే ఏమీ అనరు కదక్కా అని పద్మ అడిగింది. అప్పటికి కొన్నాళ్ళ ముందే మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో కార్పొరేషన్ నోటీసు ఒకటి పెట్టారు. నేను పని లేని మనిషిని కదా, ప్రతిదీ చివరిదాకా చదువుతాను. స్తంభాలకీ, చెట్లకీ, పార్కు రెయిలింగులకీ అనుమతి లేకుండా బ్యానర్లు కట్టకూడదు. కడితే దానిమీద ఎవరి పేరుంటే వాళ్ళదే బాధ్యత. ఎవరి దుకాణం తలుపు మీద వాళ్ళు చిన్న పేరు బోర్డు పెట్టుకోవచ్చు. ఇంత స్పష్టంగా ఉంది. నాకు తెలుసు. అయినా అందరూ కడుతూనే ఉన్నారుగా, ట్యూషన్లవాళ్ళు, జిమ్ములవాళ్ళు, పుట్టినరోజు శుభాకాంక్షలవాళ్ళు. కట్టెయ్ పద్మా, ఎవడు పట్టించుకుంటాడు అన్నాను. అప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు. ఇది నమ్మండి. తాడు ఒక కొస నేనే పట్టుకున్నాను.

జనం వచ్చారు. నేననుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. మెట్రో దిగి నడుస్తున్నవాళ్ళు ఆ ఎర్ర అక్షరాల ముందు టక్కున ఆగిపోవడం నేను మలుపులో నిలబడి చూసేదాన్ని. కొందరు ఫోటో తీసి ఇంటికి పంపుకునేవాళ్ళు. ఆదివారాలు సందులో చెప్పులు పెట్టే చోటుండేది కాదు. ఆంటీ కాస్త కారం, ఆంటీ ఇంకాస్త పప్పు. పద్మ మొహం వెలిగిపోతుండేది. శివయ్యకి ఫోనులో గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టింది.

మా ఇంటికి రావడం మానేసింది.

మానేసింది అనడం తప్పు. కుదరలేదు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి రుబ్బు. మనిషి ఎప్పుడు వస్తుంది? ఈ మాట ఇప్పుడు ఇంత చక్కగా చెప్తున్నాను. అప్పుడు మాత్రం మధ్యాహ్నమయ్యేసరికి చెవులు తలుపు మీదే ఉండేవి. రెండుమూడుసార్లు నేనే వెళ్ళాను. కూచోక్కా, ఇప్పుడే వస్తా అని ఒక కుర్చీ లాగి వేసింది. నేను కూర్చున్నాను. ఉల్లిపాయలు తరగనా అంటే వద్దక్కా నీకెందుకు కష్టం అంది. కష్టం కావాలనే వచ్చానని ఎట్లా చెప్పను? అక్కడ అందరూ తింటున్నారు, అందరూ మాట్లాడుకుంటున్నారు, అందరూ తెలుగే. నేను మాత్రం కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎవరో చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చున్నాను. వచ్చేస్తుంటే పద్మ చూడను కూడా చూడలేదు. మూకుడు మీద ఉంది పాపం దాని దృష్టంతా.

తరవాత ఉగాది వచ్చింది. ప్రతి ఏడూ ఉగాది పచ్చడి మేమిద్దరం మా ఇంట్లో కలిపి చేసేవాళ్ళం. వేపపువ్వు దొరక్క ద్వారకంతా తిరిగేవాళ్ళం, అదొక సరదా. ఆ ఏడు ఎదురుచూశాను. మామిడికాయ తరిగి పెట్టుకున్నాను కూడా. మధ్యాహ్నానికి హారిక వచ్చి ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి వెళ్ళింది. కస్టమర్లకి పార్సిలు కట్టే డబ్బా. మూత మీద రబ్బరు బ్యాండు. మమ్మీ నే భేజా హై, ఆంటీ అంది, అమ్మ పంపిందని. అంతే.

ఇంత చిన్నదానికా అంటారు. అవును. ఇంత చిన్నదానికే. నా మొహం, ఇంతకంటే పెద్ద కారణం చెప్పుకుని మీ ముందు గౌరవంగా నిలబడాలని నాకూ ఉంది. లేదు. ప్లాస్టిక్ డబ్బాలో ఉగాది పచ్చడి. అదే కారణం.

ఆ సాయంత్రం పాల బూతుకి వెళ్తూ మలుపులో ఆగాను. బ్యానరు గాలికి ఊగుతోంది. నేను సరిచేయించిన వత్తులు, నేను పట్టుకున్న తాడు. ఫోను తీసి ఫోటో కొట్టాను. కార్పొరేషన్ ఫిర్యాదుల యాప్ నా ఫోన్లో ముందే ఉంది, వీధి దీపాల కోసం పెట్టుకున్నాను. ఫోటో ఎక్కించి, పార్కు రెయిలింగుకి అక్రమంగా కట్టారు, దారికి అడ్డంగా ఉంది, జనం గుమిగూడుతున్నారు అని హిందీలో రాసి పంపాను. పాలు తెచ్చుకున్నాను. పెరుగు తోడు పెట్టుకున్నాను.

ఏమనుకున్నానంటే, బ్యానరు తీసేస్తారు, కాస్త జనం తగ్గుతారు, పద్మ బెంబేలెత్తి నా దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, నేను ధైర్యం చెప్తాను. అంతవరకే అనుకున్నాను. పెద్దగా మునిగేదేముంది, కావాలంటే ఇంటి తలుపు మీద చిన్న బోర్డు పెట్టిద్దాంలే అని కూడా అనుకున్నాను. చూడండి, సాయం చేసే ప్లాను కూడా వేసుకున్నాను, మహాతల్లిని.

అట్లాగే జరిగింది. కొన్నాళ్ళకి వ్యానులో వచ్చి బ్యానరు కోసుకుపోయారు. దానిమీద నంబరుంది కాబట్టి ఆఫీసుకి రమ్మని పద్మకి ఫోను చేశారు. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చింది మా ఇంటికి. అక్కా, ఎవరో హిందీలో అరుస్తుండారు, నాకేం అర్థం కాలే అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను వీపు నిమిరాను. కాఫీ పెట్టాను. చాలా రోజుల తరవాత మా సోఫాలో, తన చోటులో తను కూర్చుంది. నాకు సంతోషమేసింది. దాచుకోవడమెందుకు, ఆ పూటంతా నాకు సంతోషంగానే ఉంది. అది ఏడుస్తుంటే నేను లోపల పండగ చేసుకున్నాను.

హారికని తీసుకెళ్తానంది ఆఫీసుకి. పిల్లకి హిందీ నాకంటే బాగా వచ్చు కదా. స్కూలు మాన్పించడమెందుకు, నేనున్నాగా అన్నాను. ఈ మాట దగ్గర ఆగి చాలాసార్లు ఆలోచించాను. అప్పటికే నా మనసులో ఉందా? లేక నిజంగానే పిల్ల స్కూలు పోతుందనే అన్నానా? నాకు తెలియదు. తెలియదనే రాస్తున్నాను.

ఆఫీసులో టేబుల్ వెనక ఒక నడివయసు ఆయన. చాలా మర్యాదస్తుడు. లోపల గదిలో పట్టుకొచ్చిన బ్యానర్లు గుట్టగా పడేసి ఉన్నాయి, రాజకీయాలవీ, కోచింగులవీ. పద్మ చేతులు కట్టుకుని నిలబడితే కూర్చోమని కుర్చీ చూపించాడు. పక్కవాళ్ళకి చెప్పి టీ ఇప్పించబోయాడు కూడా.

"బెహన్‌జీ, డరియే మత్" అని మొదలుపెట్టాడు. "రేలింగ్ సర్కారీ హై, ఉస్ పే మత్ బాంధియే. అప్నే దర్వాజే పే ఛోటా సా బోర్డ్ లగా లీజియే, కౌన్ మనా కర్తా హై?"

మొదటిసారి కాబట్టి ఫైను కూడా వెయ్యటం లేదన్నాడు. రెయిలింగు వద్దు, ఇంటి తలుపు మీద పెట్టుకోండి, అంతే. ఇంత తేలికగా తేలిపోయింది.

పద్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమంటుండాడక్కా?"

చెప్పాలి. చెప్పబోయాను కూడా, నోరు తెరిచాను. చెప్తే ఏమవుతుంది? మొహం విప్పారుతుంది. బయటికి రాగానే ఫ్లెక్సీ షాపుకి పోదాం పా అంటుంది. రేపటికల్లా తలుపు మీద బోర్డు. ఎల్లుండి మళ్ళీ కూచోక్కా ఇప్పుడే వస్తా. మళ్ళీ నేనూ, నా చెవులూ, తలుపూ.

"బోర్డులు గీర్డులు ఏవీ పెట్టకూడదంటున్నాడు పద్మా" అన్నాను. "అసలు ఇట్లా ఇళ్ళల్లో వండి అమ్మడమే తప్పట. మళ్ళీ కనపడితే సామానంతా పట్టుకుపోతాం అంటున్నాడు."

మాట బయటికి వచ్చేసింది. ఎంత సాఫీగా వచ్చిందో మీకు చెప్పలేను. ఆయన మాత్రం పద్మ వైపు చూసి నవ్వుతూ తల ఊపుతున్నాడు, అర్థమైంది కదా అన్నట్టు.

"నవ్వతా చెప్తుండాడే?" అంది పద్మ.

"వీళ్ళంతా ఇంతే. తడిగుడ్డతో గొంతులు కోసే రకం."

పద్మ కళ్ళనీళ్ళతో ఆయనకి దణ్ణం పెట్టింది. తనని క్షమించి వదిలేస్తున్నందుకు కృతజ్ఞత అనుకున్నాడాయన. అరే అరే, ఠీక్ హై బెహన్‌జీ అని కంగారుగా లేచి నిలబడ్డాడు. ఎవరన్నా ఫిర్యాదు చేశారేమో కనుక్కోమంది పద్మ నన్ను. అడిగాను. పేర్లు చెప్పం అన్నాడు. ఆ ఒక్క ముక్కా ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

వచ్చేటప్పుడు బ్యానరు మడిచి మా చేతికే ఇచ్చాడు. ఈ-రిక్షాలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు పద్మ. నువ్వు లేకుంటే ఆ మనిషి ముందర నేనేమై పోయేదాన్నో అక్కా అంది. ఈ-రిక్షా మా మలుపు దాకా రావడానికి చాలాసేపే పట్టింది. అంతసేపు టైముంది నాకు. ఏదో తప్పు విన్నానే అని ఒక్క అబద్ధం చెప్పి, నిజం చెప్పేసి ఉండొచ్చు. ఎండ, దుమ్ము, హారన్లు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

షట్టరు దించేసింది. కొన్నాళ్ళు తెలిసినవాళ్ళకి మాత్రం గుట్టుగా డబ్బాలు కట్టి పంపింది. సందులో ఏ వ్యాను చప్పుడైనా స్టవ్ ఆపేసి గిన్నెలు మంచం కిందకి తోసేసేదట. ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది నాకు, మా ఇంట్లో కూర్చుని, వెల్లుల్లి ఒలుస్తూ. అవును, వెల్లుల్లి. మధ్యాహ్నాలు తిరిగొచ్చాయి. నేనడిగిందే నాకు దొరికింది. కానీ నేను ఎక్కసెక్కంగా ఏదన్నా అంటే నవ్వడం మాత్రం తగ్గిపోయింది. ఊఁ అనేది. ఒలిచిన రెబ్బల్లోంచి పొట్టు ఏరుతూ ఉండేది.

గుట్టు వంట ఎన్నాళ్ళు నడుస్తుంది? అది కూడా ఆగిపోయింది. శివయ్య కాంట్రాక్టు అయిపోయింది. ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. హైదరాబాదులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోవాలని తేల్చుకున్నారు. హారికకి సంవత్సరం మధ్యలో స్కూలు పోయింది. ఆ పిల్ల స్టేషన్లో నా దగ్గరికి వచ్చి ఆంటీ, ఆప్‌నే తో బహుత్ కోశిశ్ కీ అంది. మీరు చాలా ప్రయత్నించారు ఆంటీ అని. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను దాని తల నిమిరి, బాగా చదువుకో అన్నాను. ఇంకా ఏమన్నానో గుర్తు లేదు. రైలు కదులుతుంటే పద్మ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. సామాను సర్దేటప్పుడు బ్యానరు నాకిచ్చేసింది, నాకెందుకక్కా ఇంక అని.

అది మా బాల్కనీలో ఉంది. కూలరు మీద కప్పాను. ఫ్లెక్సీ కదా, వానకి తడవదు, ఎండకి చిరగదు. అక్షరాలు లోపలికి పెట్టి తిరగేసి కప్పాను. బయటికి తెల్లగా కనపడుతుంది. ఎండాకాలం వచ్చినప్పుడల్లా అది తీసి కూలరు తుడవాలి కదా. అప్పుడు కళ్ళు వేరేవైపు తిప్పుకుని మడుస్తాను. కొత్త కవరు కొనుక్కోవచ్చుగా? కొనుక్కోవచ్చు. కొనుక్కోలేదు.

వాళ్ళు వెళ్ళాక మధ్యాహ్నాలు ఎట్లా ఉంటాయో రాయాలనిపించడం లేదు. ఎవరికి చెప్పుకోను? ఒక మనిషి నా దగ్గర కూర్చోవాలని ఆ మనిషి కాళ్ళు విరగ్గొట్టాను. ఆ మనిషి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయింది. ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. చేతకాక చేసిన తప్పులకి ఏడవొచ్చు. దీనికి ఏడుస్తుంటే నాకే నా మీద చిరాకేస్తుంది, నువ్వెందుకే ఏడుస్తావు అని.

మరి పద్మ నన్ను మరిచిపోయిందా అంటే, అదే నా కర్మ, మరిచిపోలేదు. పండగలకి ఫోను చేస్తుంది. తిట్టినా బాగుండు. ప్రతిసారీ ఎవరో ఒకరికి నా గురించి చెప్తూ ఉంటుంది, ఢిల్లీలో మాకు అక్క ఉండె, అక్క లేకుంటే మమ్మల్ని జైల్లో ఏసేవాళ్ళు అని. ఫోనులో నాకు వినపడుతూనే ఉంటుంది. హైదరాబాదులో ఏదో హాస్టలు వంటింట్లో చేరింది. ఇంకొకళ్ళ కింద, ఇంకొకళ్ళ గరిటెతో. అంత చెయ్యి తిరిగిన మనిషి సొంతంగా ఎందుకు పెట్టుకోలేదో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఏం చెప్తుందో నాకు తెలుసేమో, అందుకే అడగలేదేమో.

ఈ మధ్య ఫోను చేసినప్పుడు తనే చెప్పింది. హారికకి ఉద్యోగమొచ్చింది. అమ్మ హాస్టల్లో చాకిరీ చెయ్యొద్దని, వీధి మొహాన చిన్న గది అద్దెకి తీసుకుంది, సొంతంగా టిఫిన్లు పెట్టమని. పద్మకి భయం. బోర్డు లేకుంటే ఎవరికి తెలుస్తాది, బోర్డు పెడితే పట్టుకోని పోతారు కదక్కా అంది. ఇక్కడ అందరూ పెట్టుకున్నారు కదమ్మా అని హారిక పోరుతోందట. పద్మ వినలేదు. ఇన్నేళ్ళూ ఎవరు చెప్పినా వినలేదట. అక్కకి రూల్స్ అన్నీ తెలుసు, అక్కని అడిగి చెప్తా అందట కూతురికి.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని బాల్కనీలో నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా వాళ్ళ బతుకులో ఒక మూల నేనన్న ఆ మాట కూర్చుని ఉంది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడన్నా చెప్పు అనుకున్నాను. చెప్పడానికి నోరు తెరిచాను. ఇది రెండోసారి.

పెట్టుకో పద్మా, ఇప్పుడు రూల్స్ మారిపోయాయిలే అన్నాను.

నిజమా అక్కా అని ఎంత సంబరపడిందో. అక్కడే ఉన్న హారికని కేకేసి చెప్పింది. నువ్వుండబట్టి తెలిసింది అక్కా అంది, నీ రుణం తీర్చుకోలేను అంది. బోర్డు మీద నీ పేరు పెట్టమంటావా అని కూడా అడిగింది. వద్దు వద్దు అన్నాను. అంత గట్టిగా వద్దన్నందుకు నొచ్చుకుందేమో కూడా.

ఫోను పెట్టేశాక చాలాసేపు కూలరు పక్కనే నిలబడ్డాను. దిద్దుకున్నానా? అబద్ధాన్ని అబద్ధంతో తుడిచి, దానికి కూడా దండం పెట్టించుకున్నాను. అయినా బోర్డు పెట్టుకుంటుంది కదా అని ఒక పక్క. అది పెట్టుకునే ప్రతి పొద్దునా నా అబద్ధం కిందే షట్టరు తెరుస్తుంది కదా అని ఇంకో పక్క. ఏది ఎక్కువో తూచుకునే హక్కు నాకు లేదు. మిమ్మల్ని తూచమని కూడా అడగను.

ఒక్కటి మాత్రం చెయ్యాలి. ఆ రోజు ఆ ఆఫీసులో నా చెయ్యి పట్టుకుని పద్మ ఒకటి అడిగింది, ఏమంటుండాడక్కా అని. ఇన్నేళ్ళయినా దానికి సరైన జవాబు ఈ భూమ్మీద ఎవరూ తెలుగులో చెప్పలేదు. పద్మా, నీ మొహం చూసి చెప్పలేను. కనీసం ఇక్కడ, నిన్ను ఎరగనివాళ్ళ ముందు చెప్తాను.

రూల్స్ ఏవీ మారలేదు పద్మా. ఆయనేమన్నాడంటే, భయపడకమ్మా, నీ తలుపు మీద చిన్న బోర్డు పెట్టుకో, ఎవరొద్దంటారు అన్నాడు.